పలుకని పోతు: వాపిటి దుప్పిని పిలిచే విద్య, దాని చరిత్ర

వేటకాడు మృగమును వెతుకుకొంటూ పోవుట ఒక పద్ధతి. మృగమే వేటకానిని వెతుకుకొంటూ వచ్చేటట్లు చేయుట మరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. పెంచిన లేడిని గాని, కౌజుపిట్టను గాని ఎరగా నిలిపి, దాని జాతి జంతువులను దగ్గరకు రప్పించి పట్టుకొనుట మన పల్లెలలో పూర్వమునుండి ఉన్నదే. అట్లు ఎరగా నిలిపే ప్రాణికి 'దీమము' అని మన భాషలో ప్రత్యేకమైన పేరు కూడ ఉన్నది.

ప్రాణముతో ఉన్న దీమము లేకుండా, దాని గొంతును మాత్రమే అనుకరించి మృగమును రప్పించుట ఇంతకంటె కష్టమైన విద్య. ఆసియా ఖండపు ఉత్తర భాగములోను, ఉత్తర అమెరికాలోను నివసించే వాపిటి అనే పెద్ద దుప్పి విషయములో ఈ విద్య వందల సంవత్సరములుగా సాగుతూ వచ్చినది. శరదృతువులో ఆ జాతి పోతు, అనగా మగ దుప్పి, కొండలు ప్రతిధ్వనించేటట్లు కేక వేస్తుంది. వేటకాడు అదే కేకను బూరతో వేస్తాడు. పోతు బదులు పలికితే అది ఉన్న చోటు తెలుస్తుంది; కోపముతో ఎదురు వస్తే వేట ఫలిస్తుంది.

కాని పోతు చాల పర్యాయములు పలుకదు. ఇక్కడనే అసలు చిక్కు ఉన్నది. బదులు రాని పిలుపునకు అర్థమేమి? పోతు అక్కడ లేదా? ఉన్నా వినలేదా? లేక విని, ఆ కేకలోని భావమును గ్రహించి, పలుకకుండుటయే మేలని ఊరకున్నదా? 'మౌనము అర్ధాంగీకారము' అని మనము అంటాము. వాపిటి పోతు మౌనమునకు ఆ సూత్రము పనికిరాదు. ఆ మౌనమును సరిగా చదువుటకు వేటగాండ్రకును, శాస్త్రజ్ఞులకును చాల కాలము పట్టినది. ఆ కథయే ఇది.

పేరులోని తికమక

వాపిటి అనే మాట అమెరికా ఆదివాసులలో షానీ తెగవారి భాషలోనిది. 'తెల్లని పిరుదులు గలది' అని దాని అర్థము. అమెరికాలో సామాన్యజనులు దీనిని 'ఎల్క్' అంటారు. కాని ఐరోపాలో ఎల్క్ అంటే వేరొక జంతువు. దానిని అమెరికనులు 'మూస్' అని పిలుస్తారు. వలస వచ్చిన ఇంగ్లీషువారు కొత్తదేశములో ఇంత పెద్ద దుప్పిని చూచి, తమకు తెలిసిన పెద్ద దుప్పి పేరును దీనికి తగిలించినారు. మన వైపున కూడ ఇటువంటిదే జరిగినది. సింహళములోను, దక్షిణ భారతములోను వేటాడిన ఇంగ్లీషు దొరలు మన కణుజును ఎల్క్ అనేవారు. సామ్యుయెల్ బేకర్ 1853లో ప్రకటించిన సింహళపు వేట గ్రంథములో ఎల్క్ అని వ్రాసినదంతయు కణుజును గురించియే. పాత వేట గ్రంథములు చదివేవారు ఈ తేడాను గుర్తుంచుకొనవలెను.

శాస్త్రజ్ఞులు వాపిటికి 1777లో సెర్వస్ కెనడెన్సిస్ అనే పేరు పెట్టినారు. అది ఐరోపాలోని ఎఱ్ఱదుప్పిలో ఒక రకము మాత్రమే అని చాల కాలము అనేకులు భావించినారు. కణములలోని డి. ఎన్. ఏ. ను పోల్చి చూచిన పిమ్మట, 2004 నుండి ఈ రెండును వేరు వేరు జాతులనే అభిప్రాయము బలపడినది. ఎదిగిన పోతు భుజము వద్ద ఇంచుమించు ఒకటిన్నర మీటరు ఎత్తు ఉంటుంది. బరువు 300 కిలోగ్రాములకు పైబడుతుంది. దాని కొమ్ములు ఏటేటా శీతకాలము చివర రాలిపోయి, వేసవినాటికి మరల పెరుగుతాయి. పెంటికి, అనగా ఆడ దుప్పికి, కొమ్ములు ఉండవు.

ఒక గొంతులో రెండు ధ్వనులు

వేసవి అంతా పోతులు పెంటులకు దూరముగా, చిన్న చిన్న గుంపులుగా మేస్తూ ఉంటాయి. ఆగస్టు చివరినాటికి వాటి ప్రవర్తన మారుతుంది. మెడ లావెక్కుతుంది. కొమ్ములను చెట్లకు రాచి బెరడు చీలుస్తాయి. బురదగుంటలలో పొర్లుతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు జతకట్టే కాలము. బలము గల పోతు కొన్ని పెంటులను మందగా చేర్చుకొని, వేరొక పోతును దరి చేరనీయదు. కేకలు మిన్ను ముట్టేది అప్పుడే.

ఆ కేక మంద్రముగా ఆరంభమై, మెట్టు మెట్టుగా పైకి లేచి, సన్నని ఈలవలె కొంతసేపు నిలిచి, చివరకు కొన్ని పొట్టి గుర్రులతో ముగుస్తుంది. ఇంత పెద్ద జంతువు ఇంత సన్నని ధ్వని ఎట్లు చేయగలదు అనేది చాల కాలము ఒక ప్రశ్నగా ఉండేది. సాధారణముగా శరీరము పెద్దదైన కొలదీ స్వరపేటిక పెద్దదై, ధ్వని మంద్రముగా ఉండవలెను. పొట్టి వేణువు కంటె పొడవైన వేణువు మంద్రముగా పలుకుట విద్యార్థులకు తెలిసినదే. ఐరోపా ఎఱ్ఱదుప్పి ఈ నియమము ననుసరించి బొంగురు గొంతుతో గర్జిస్తుంది. వాపిటి మాత్రము ఈల వేస్తుంది.

2016లో డేవిడ్ రెబీ మొదలయిన శాస్త్రజ్ఞులు ఈ కేకలను పరికరములతో విశ్లేషించి ఒక వింత కనుగొన్నారు. వాపిటి కేకలో ఒకేసారి రెండు ధ్వనులు ఉన్నవి. ఒకటి సెకనుకు ఇంచుమించు 150 కంపనములు గల మంద్రధ్వని. రెండవది సెకనుకు 4,000 కంపనముల వరకు పోయే తారధ్వని. దూరమునుండి వినేవానికి ఈల ఒక్కటే తెలుస్తుంది. దగ్గరగా ఉన్నవానికి ఆ ఈల అడుగున గర్జన కూడ వినవస్తుంది. కనుక దూరపు కేకను మాత్రమే విని అనుకరించే వేటగాడు సగము కేకనే అనుకరిస్తున్నాడని చెప్పవచ్చును. దగ్గరకు వచ్చిన పోతు, తాను విన్నది నిజమైన గొంతు కాదని గ్రహించుటకు ఇది ఒక కారణము కావచ్చును.

చక్రవర్తుల పిలుపు వేట

సైబీరియాలోని ఆల్టాయ్, తువా ప్రాంతముల వేటగాండ్రు వాపిటిని 'మరాల్' అంటారు. దానిని పిలుచుటకు వారు చెక్కతో ఒక పొడవైన బూరను చేస్తారు. ఒక కొయ్యను నిలువునా చీల్చి, లోపల తొలిచి, రెండు సగములను మరల చేర్చి కడతారు. తువా భాషలో దాని పేరు 'అమిర్గా'. ఇందులో విశేష మేమంటే, మన బూరలలోవలె దీనిలోనికి గాలి ఊదరు. బూరగుండా గాలిని లోనికి పీలుస్తారు. అట్లు పీల్చినప్పుడు పుట్టే సన్నని ధ్వని పోతు కేకకు చాల దగ్గరగా ఉంటుంది.

ఈ విద్య రాజలాంఛనముగా కూడ మారినది. చైనాను పాలించిన మంచూ వంశపు చక్రవర్తి కాంగ్‌షీ 1681లో రాజధాని బీజింగునకు ఉత్తరముగా ఒక విశాలమైన అరణ్యమును వేటకై కేటాయించినాడు. దాని పేరు ములాన్. 'దుప్పిని పిలిచి చేసే వేట' అని అర్థము వచ్చే మంచూ మాటనుండి ఆ పేరు పుట్టినది. ఆకులు రంగు మారే రోజులలో చక్రవర్తి పరివారముతో అక్కడకు వెళ్ళేవాడు. నేర్పరులైన వేటగాండ్రు దుప్పి తలను తొడుగుకొని, కొయ్య ఈలతో దుప్పి కూతను అనుకరించేవారు. అక్కడి దుప్పి కూడ వాపిటి జాతిలోని మంచూరియా రకమే. తాను ఈ విధముగా పిలిచి వేటాడిన దుప్పులు వందల సంఖ్యలో ఉన్నవని కాంగ్‌షీ 1719లో చెప్పుకొన్నాడు. ఆయన మనుమడు చ్యెన్‌లుంగ్ 1741లో ములాన్‌లో వేటాడినప్పటి దృశ్యమును, ఆస్థానములోని ఇటలీ దేశపు చిత్రకారుడు కాస్తిల్యోనె చిత్రించినాడు. ఆ చిత్రము బీజింగ్ రాజభవన మ్యూజియములో ఉన్నది.

రాజు వేట కావడముచేత ములాన్ అరణ్యము కొంతకాలము సామాన్యుల గొడ్డలినుండి తప్పించుకొన్నది. కాని పందొమ్మిదవ శతాబ్దము ఆరంభమునాటికే అక్కడ దుప్పులు తగ్గిపోయినవని చక్రవర్తులు ఆందోళన పడినారు. దొంగవేటయు, కలప నరుకుడును అందుకు కారణములు. 1820లో చ్యాచింగ్ చక్రవర్తి మరణించిన పిమ్మట ఈ రాజవేట ఆగిపోయినది. 1863నుండి ఆ భూమిని సాగుకు ఇచ్చినారు. అడవి పోయి, ఇసుక నేల మిగిలినది. 1962లో ఆ ప్రాంతములోని సైహన్‌బా అనే చోట చెట్లు నాటుట ఆరంభించి, దశాబ్దముల శ్రమతో అడవిని తిరిగి పెంచినారు. పిలిచేవాని నేర్పు ఎంతటిదైనా, పలుకవలసిన ప్రాణియే లేకపోతే ఆ విద్య వ్యర్థమని ములాన్ చరిత్ర తెలుపుతున్నది. ఇదే పాఠము సముద్రమునకు ఆవల అమెరికాలో మరింత పెద్ద ఎత్తున పునరావృతమైనది.

అమెరికాలో: వేణువు, తుపాకి

వాపిటి పుట్టినది ఆసియాలో. మంచుయుగము ముగిసే రోజులలో, ఇంచుమించు 15,000 సంవత్సరముల క్రితము, సైబీరియాను అలాస్కాను కలిపిన నేలమార్గముగుండా అది అమెరికా చేరినది. మానవులు కూడ ఆ ప్రాంతముగుండా అమెరికాకు వ్యాపించినవారే.

మధ్య అమెరికా మైదానములలోని లకోటా, డకోటా తెగలవారు పోతు ధ్వనిని వేటకంటె భిన్నమైన దృష్టితో చూచినారు. పోతు కేక వేయగానే పెంటులు దాని చుట్టు చేరుట వారు గమనించినారు. అందుచేత ఆ ధ్వనిలో ఆకర్షణశక్తి ఉన్నదని నమ్మినారు. యువకులు ప్రియురాలి మనస్సును ఆకర్షించుటకు వేణువులు ఊదే ఆచారమునకు ఈ నమ్మకముతో సంబంధము ఉన్నది. క్లార్క్ విస్లర్ అనే మానవశాస్త్రవేత్త 1905లో ఈ విశ్వాసములను గ్రంథస్థము చేసినాడు. ఇందులో గమనింపదగిన అంశమొకటి ఉన్నది. తెల్లవారు పోతు కేకను ముఖ్యముగా యుద్ధపు సవాలుగా విన్నారు. డకోటావారు దానిని పెంటులకు చేసే ఆహ్వానముగా విన్నారు. ఈ రెండు అర్థములును నిజమేనని తరువాతి పరిశోధనలు చూపినవి.

తెల్లవారు వచ్చిన కొత్తలో వాపిటి అమెరికా అంతటా ఉండేది. లూయిస్, క్లార్క్ అనే అన్వేషకుల బృందము 1805–06 శీతకాలములో పసిఫిక్ తీరమున క్లాట్‌సప్ కోటలో గడిపినప్పుడు, ఆ కొద్ది నెలలలో 131 వాపిటులను చంపి తిన్నట్లు ఆ బృందములోని ఒకరు లెక్క వ్రాసినారు. అప్పటికి ముందు ఖండములో ఒక కోటి వాపిటులు ఉండెనని ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ అనే ప్రకృతి పరిశోధకుడు అంచనా వేసినాడు. మాంసమునకు, తోలునకు, చివరకు గొలుసులకు తగిలించుకొనే రెండు కోరపండ్లకు సహితము వీటిని చంపినారు. ఇరవయ్యవ శతాబ్దము మొదటి భాగమునాటికి ఇవి లక్ష లోపునకు పడిపోయినవి. తూర్పు రాష్ట్రములలోని రకము 1880 ప్రాంతమున అంతరించినది. నైరుతి దిశలోని మెరియమ్ రకము కూడ అట్లే పోయినది.

మిగిలినవాటికి ఆశ్రయమిచ్చిన చోట్లలో ముఖ్యమైనది 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయవనము. అక్కడ 1883లో వేటను నిషేధించినారు. 1894లో చేసిన చట్టము ఆ నిషేధమునకు బలము చేకూర్చినది. 1912లో వయోమింగ్ రాష్ట్రములోని జాక్సన్ వద్ద వాపిటులకు శీతకాలపు శరణాలయము నెలకొల్పినారు. 1913నుండి ఎల్లోస్టోన్ దుప్పులను రైళ్ళలో ఎక్కించి పెన్సిల్వేనియా, ఆరిజోనా మొదలయిన రాష్ట్రములకు పంపి, అక్కడి అడవులలో వదలినారు. నేడు ఉత్తర అమెరికాలో ఇవి ఇంచుమించు 10 లక్షలు ఉన్నవి. పిలుపు వేట అమెరికాలో తిరిగి ఒక విద్యగా పెరుగుటకు ఈ సంరక్షణయే పునాది.

బూరనుండి రబ్బరు పొరవరకు

మొదటి అమెరికను వేటగాండ్రు వెదురు గొట్టముతోను, లోహపు గొట్టముతోను ఈలలు చేసికొనేవారు. ఆ ఈలలకు ఒకే ఉద్దేశము: ఎదుటి పోతును రెచ్చగొట్టుట. తుపాకి వాడేవానికి పిలుపు అత్యవసరము కాదు, దూరమునుండియే కాల్చగలడు. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధములో విల్లంబులతో వేటాడే వినోదము పెరిగిన పిమ్మట పరిస్థితి మారినది. అనేక రాష్ట్రములలో విలుకాండ్రకు అనుమతించిన వేటకాలము సెప్టెంబరులో, సరిగా పోతులు కేకలు వేసే రోజులలో వస్తుంది. విలుకానికి పోతు ముప్పది, నలువది మీటర్లలోపునకు రావలెను. కనుక పిలుపు విద్యలో నిష్ణాతుడు కాక తప్పదు.

ఇందుకు పనికి వచ్చిన సాధనము అడవికోళ్ళ వేటనుండి వచ్చినది. న్యూ ఆర్లియన్స్ నివాసి సామ్యుయెల్ మెక్లెయిన్ టర్కీ కోడి కూతను అనుకరించుటకు నోటిలో పెట్టుకొనే ఒక పరికరమునకు 1867లో పేటెంటు పొందినాడు. గుఱ్ఱపు లాడము ఆకారము గల చట్రమునకు పలుచని పొరను బిగించి, దానిని నాలుకతో అంగిలికి అదిమి ఊదుతారు. పొర కంపించి ధ్వని పుడుతుంది. నాలుక ఒత్తిడిని పెంచిన కొలదీ పొర బిగిసి స్వరము పైకి లేస్తుంది; వీణ తీగను బిగిస్తే స్వరము హెచ్చుట వంటిదే ఇది. రబ్బరు పొర గల ఈ పరికరమును వాపిటి వేటగాండ్రు స్వీకరించి, దానికి ముందు ఒక వెడల్పాటి గొట్టమును పట్టుకొని ఊదసాగినారు. ఆ గొట్టము ధ్వనికి గుండెలోతును ఇస్తుంది. పోతు గొంతు పొడవు చేసే పనిని అది చేస్తుంది. గొట్టము లేకుండా నోటిలోని పొరను మాత్రమే వాడినప్పుడు చేతులు రెండును వింటికి ఖాళీగా ఉంటాయి.

సాధనము మెరుగైనది. కేక నిజమైన కేకను పోలినది. అయినను అనేక పోతులు పలుకలేదు. కొన్ని పోతులు కేక వినగానే మందను తోలుకొని కొండ అవతలకు పోయినవి. లోపము బూరలో లేదని, పిలుపు చెప్పే మాటలో ఉన్నదని అప్పుడు తెలియవచ్చినది.

పరిశోధకులు విన్నది

పోతు జీవితమును సావధానముగా పరిశీలించినవారిలో ఓలాస్ మ్యూరీ ముఖ్యుడు. ఆయన 1927లో జాక్సన్ లోయలో పని ఆరంభించి, 1951లో ఉత్తర అమెరికా వాపిటిని గూర్చిన ప్రామాణిక గ్రంథమును ప్రకటించినాడు. అదే ప్రాంతములో మార్గరెట్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రజ్ఞురాలు వాపిటి మందల సామాజిక జీవనమును పరిశీలించి 1952లో వ్యాసము వ్రాసినది. పెంటి, దూడ, పోతు ఒకదానితో ఒకటి ఎట్లు మెలగునో, మందలో పెద్దరికము ఎట్లు ఏర్పడునో తెలుసుకొనుటకు ఈ పరిశోధనలు తోడ్పడినవి.

కేకల అర్థమును ప్రయోగముతో పరీక్షించినది మాత్రము వాపిటికి దగ్గర బంధువైన ఎఱ్ఱదుప్పి మీద. స్కాట్లండు పడమటి తీరమున రమ్ అనే దీవి ఉన్నది. అక్కడ క్లటన్-బ్రాక్, ఆల్బన్ అనే శాస్త్రజ్ఞులు పోతుల గర్జనలను లెక్కించి, 1979లో తమ ఫలితములను ప్రకటించినారు. రెండు పోతులు ఎదురైనప్పుడు వెంటనే పోరాడవు. మొదట గర్జనల పోటీ జరుగుతుంది. ఒకటి వేగము పెంచితే రెండవది కూడ పెంచుతుంది. అందులో ఓడినది తలవంచి వెళ్ళిపోతుంది. సమానముగా నిలిచినచో రెండును పక్కపక్కన నడుస్తూ ఒకదానినొకటి కొలుచుకొంటాయి. అప్పటికిని తేలకపోతేనే కొమ్ములు కలుపుతాయి. గర్జన శ్రమతో కూడిన పని కనుక బలహీనమైన పోతు ఎక్కువసేపు గర్జించలేదు. గర్జన పోతు బలమునకు నమ్మదగిన కొలత అయినది.

1987లో కేరన్ మెకోంబ్ మరొక సంగతి చూపినది. గర్జనల ధ్వనిముద్రికను వినిపించిన పెంటులు, వినిపించని పెంటులకంటె ముందుగా ఎదకు వచ్చినవి. గర్జన కేవలము శత్రువును ఉద్దేశించినది కాదు. దానిని పెంటులు కూడ వింటున్నవి. డకోటావారి విశ్వాసములో ఒక సత్యాంశము ఉన్నదని ఈ విధముగా తేలినది.

ఎందుకు పలుకదు?

ఈ పరిశీలనలను వేటగాండ్ర అనుభవముతో జోడించి చూస్తే, పలుకని పోతు మౌనమునకు నాలుగు ముఖ్యకారణములు కనబడుతాయి.

మొదటిది కాలము. ఆగస్టు చివర పోతులలో ఇంకను పూర్తి ఉద్రేకము రాదు. అక్టోబరు గడిచేసరికి అవి అలసిపోతాయి. రమ్ దీవిలోని పోతులు ఈ కాలములో తమ బరువులో అయిదవ వంతు వరకు కోల్పోవుట కలదు. శీతకాలము ముందున్నప్పుడు శక్తిని వృథా చేయుట ప్రాణాపాయము.

రెండవది బలాబలములు. కేక వేయుట అంటే తన చిరునామా చెప్పుట. చిన్న పోతు బదులు పలికితే పెద్ద పోతు వచ్చి తరుముతుంది. కనుక అది నోరు మెదపక, మంద అంచున పొంచి, సందు దొరికినప్పుడు పెంటిని చేరుటకు చూస్తుంది.

మూడవది మంద. ఇది మిక్కిలి ముఖ్యమైనది. పెంటులు తన వద్దనే ఉన్న పోతుకు పోరాటమువలన లాభము తక్కువ, నష్టము ఎక్కువ. సవాలు చేసేవాని మీదికి పోయినంతసేపు మందను వేరొక పోతు తన్నుకుపోవచ్చును, గాయపడవచ్చును. అందుచేత పెద్ద సవాలు వినినప్పుడు అది పెంటులను కూడగట్టి దూరముగా తోలుకొని పోతుంది. వేటగాడు దీనిని పిరికితనము అనుకొన్నాడు. నిజమునకు అది గృహస్థు జాగ్రత్త.

నాల్గవది అనుభవము. బూర పలికిన చోట మనిషి వాసన తగులుట, తోటి దుప్పి కూలుట ఒకటి రెండు పర్యాయములు ఎరిగిన పోతు మూడవసారి మోసపోదు.

పిలుపు మారినది

ఈ అవగాహన పెరిగిన కొలదీ వేట పద్ధతి తలక్రిందులైనది. 1980–90 మధ్య అమెరికాలో పోతు సవాలుకు బదులు పెంటి గొంతును అనుకరించుట ప్రచారములోనికి వచ్చినది. 1987లో డాన్ లాబాక్, మార్క్ హెంకెల్ కలిసి వ్రాసిన 'ఎల్క్ టాక్' అనే పుస్తకము ఇందుకు తోడ్పడినది. పెంటి గొంతు పిల్లికూనను తలపించే చిన్న కూత. పెంటులు, దూడలు ఒకదానికొకటి తామున్న చోటు తెలుపుకొనుటకు ఏడాది పొడుగునా ఆ కూతను కూస్తాయి. ఆ కూతలో బెదిరింపు లేదు. సవాలును వదలి పారిపోయే మందపోతు, దారి తప్పిన ఒక పెంటి ఒంటరిగా కూస్తున్నదని వింటే దానిని కూడ తన మందలో చేర్చుకొనుటకు రావచ్చును. మంద అంచున పొంచిన చిన్న పోతు అయితే మరింత ఆశతో వస్తుంది.

రెండవ మార్పు, తక్కువ పలుకుట. ఊరక కేకలు వేయుటకు బదులు వేటగాడు చీకటి విడకముందే దూరమునుండి పోతు ఉన్న దిక్కు తెలిసికొని, మౌనముగా దగ్గరకు చేరి, రెండు మూడు చిన్న కూతలు మాత్రము కూస్తాడు. ఎండుకొమ్మతో చెట్టు బెరడును గీకి, పోతు కొమ్ములు రాచుకొనే చప్పుడు చేస్తాడు. ఇద్దరు వేటగాండ్రు ఉంటే పిలిచేవాడు వెనుక, విలుకాడు అతనికి కొన్ని పదుల మీటర్లు ముందు ఉంటారు. పోతు దృష్టి ధ్వని మీద ఉండగా, దారిలో ఉన్న విలుకానిని గమనించదు.

మూడవది ఓర్పు. పలుకని పోతులలో కొన్ని రాకపోవుట లేదు, పలుకకుండా వస్తున్నవి. బదులు లేదని అయిదు నిమిషములలో లేచిపోయే వేటగాడు, ఎదురు వస్తున్న పోతును తానే బెదరగొడుతున్నాడు. అరగంట కదలక కూర్చున్నవానికి ఆకుల చప్పుడైనా లేకుండా పోతు ప్రత్యక్షము కావచ్చును.

అట్టి పోతు తిన్నగా రాదు. గాలి తన ముఖమునకు తగిలేటట్లు చుట్టి వచ్చి, చెవి విన్నదానిని ముక్కుతో సరి చూచుకొంటుంది. కొండలలో గాలికి ఒక క్రమము ఉన్నది. ఉదయము ఎండ తగిలిన వాలుమీద గాలి వేడెక్కి, తేలికయై, పైకి ఎక్కుతుంది. సాయంకాలము చల్లబడి, బరువై, లోయలోనికి దిగుతుంది. ఈ భౌతికశాస్త్ర సూత్రము తెలియని వేటగానికి ఎంత చక్కని గొంతు ఉన్నా ప్రయోజనము లేదు.

వేట నేర్పిన మౌనము

ఇక్కడ ఒక గంభీరమైన ప్రశ్న పుడుతుంది. కెనడాలోని ఆల్బర్టా ప్రాంతములో వాపిటుల మెడలకు ఉపగ్రహ సహాయముతో స్థానము తెలిపే పట్టీలు కట్టి పరిశీలించిన శాస్త్రజ్ఞులు, 2012లో తమ ఫలితములు ప్రకటించినారు. ఎక్కువగా తిరుగాడుతూ, బయలు ప్రదేశములకు వచ్చే సాహసపు దుప్పులు వేటగాండ్రకు బలియైనవి. తక్కువ కదలి, చాటున ఉండే పిరికి దుప్పులు మిగిలినవి. ఆ పరిశోధన నడకను గూర్చినదే గాని కేకను గూర్చినది కాదు. అయినను ఒక అనుమానమునకు తావున్నది. బదులు పలికిన పోతును చంపి, పలుకనిదానిని విడిచిపెట్టుట తరతరములుగా సాగితే, మనిషి తనకు తెలియకుండానే మూగపోతులను ఏరి పెంచుచున్నాడేమో! రైతు మంచి విత్తనమును ఏరుకొనుట వంటిదే ఇది. అయితే ఇక్కడ ఏరికయు తలక్రిందులు, ఫలితమును తలక్రిందులు.

అందుచేతనే ఈ విద్యకు హద్దులు ఏర్పరచినారు. అనేక రాష్ట్రములలో యంత్రముతో ముద్రించిన ధ్వనిని వాపిటి వేటలో వాడరాదు. ఎల్లోస్టోన్ వనములో చూడవచ్చిన యాత్రికుడు సరదాకైనను పోతు కేకను అనుకరించుట నేరము. ఆ దొంగకేకకు బదులు పలికే ప్రతి పర్యాయమును పోతు శీతకాలమునకై దాచుకొన్న శక్తిలో కొంత ఖర్చగుచున్నది గదా. అక్కడ వినుటకే అనుమతి.

మన దేశములో వాపిటి లేదు. దానికి బంధువైన హంగుల్ అనే దుప్పి కాశ్మీరములోని దాచిగాం అడవులలో ఉన్నది. శరత్కాలములో దాని పోతు కూడ కేక వేస్తుంది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించినది. ఒకప్పుడు వేల సంఖ్యలో ఉన్న హంగుల్, 2023లో జరిగిన లెక్కలో మూడువందలలోపే ఉన్నట్లు తేలినది. ఆ లోయలో పోతు పలుకకపోతే కారణము జాగ్రత్త అని చెప్పి ఊరకుండుటకు వీలులేదు. అక్కడి మౌనమునకు మరొక అర్థము కూడ ఉండవచ్చును.

ప్రశ్నకు బదులు రానప్పుడు 'లేదు' అని వ్రాసికొనుట సులభము. వాపిటి వేటగాడు శతాబ్దములు అట్లే వ్రాసికొన్నాడు. పోతు లేకనా, వినకనా, విని ఊరకుండియా అని విడదీసి పరీక్షించినప్పుడే అతనికి విద్య అబ్బినది. ప్రయోగశాలలో పనిచేసే విద్యార్థికి కూడ ఈ మూడు ప్రశ్నలును పనికివస్తాయి.